స్ట్రోకరు ఇంజనులో బ్యాలెన్స్ షాఫ్టు

బ్యాలెన్స్ షాఫ్టు అనగా ఇంజనులో పుట్టే అదురును తగ్గించుటకు అమర్చే, ఒక పక్కకు బరువు ఉన్న తిరిగే కడ్డీ. దీనిని తెలుగులో సమతుల్య దండం అని చెప్పవచ్చును. నాలుగు సిలిండర్లు వరుసగా ఉన్న కారు ఇంజన్లలో ఇవి సాధారణంగా జంటగా ఉంటాయి. ఆ రెండూ ఒకదానికొకటి ఎదురు దిశలో, క్రాంకు షాఫ్టు వేగానికి రెట్టింపు వేగంతో తిరుగుతాయి.

స్ట్రోకరు ఇంజను అనగా పిస్టను ప్రయాణించే దూరాన్ని (స్ట్రోకును) అసలు కొలత కంటె పెంచి, ఆ విధంగా ఘనపరిమాణాన్ని పెంచిన ఇంజను. ఇటువంటి ఇంజను కట్టేటప్పుడు కర్మాగారం అమర్చిన బ్యాలెన్స్ షాఫ్టులను ఉంచాలా, తీసివేయాలా అనే ప్రశ్న తప్పక వస్తుంది. మెకానిక్కులలోను, మోటారు క్రీడల అభిమానులలోను దీనిపై రెండు పక్షాలు ఉన్నాయి. ఈ వ్యాసంలో ఆ ప్రశ్నకు సంబంధించిన భౌతిక సూత్రాలు, లెక్కలు, లాభనష్టాలు, భారతదేశంలోని చట్టపరమైన పరిమితులు వివరించబడ్డాయి.

చరిత్ర

ఇంజను అదురును ఎదురు తిరుగుడుతో రద్దు చేయాలనే ఆలోచన మోటారు కారు అంత పాతది. ఆంగ్ల ఇంజనీరు ఫ్రెడరిక్ విలియం లాంచెస్టర్ (1868–1946) తన తొలి కార్లలోనే ఎదురు దిశలలో తిరిగే రెండు క్రాంకు షాఫ్టులను వాడాడు. రెట్టింపు వేగంతో తిరిగే జంట బరువుల పద్ధతిని 20వ శతాబ్దపు తొలి దశకాలలో రూపొందించినవాడు కూడా ఆయనే. అందువలన దీనిని నేటికీ లాంచెస్టర్ బ్యాలెన్సరు అని పిలుస్తారు.

తరువాత చాలా కాలం ఈ పద్ధతికి ఆదరణ లేదు. 1970వ దశకం మధ్యలో జపానుకు చెందిన మిత్సుబిషి సంస్థ తన ఆస్ట్రాన్ ఇంజన్లలో దీనిని "సైలెంట్ షాఫ్ట్" అనే పేరుతో తిరిగి ప్రవేశపెట్టింది. ఈ సంస్థ రెండు షాఫ్టులను ఒకే ఎత్తులో కాక, ఒకటి పైన, ఒకటి కింద అమర్చింది. దానివలన ఇంజను పైకీ కిందికీ ఎగిరే అదురుతో పాటు, పక్కలకు ఒరిగే అదురు కూడా తగ్గింది. ఈ పరిజ్ఞానాన్ని మిత్సుబిషి నుండి లైసెన్సుపై పోర్షె, సాబ్, ఫియట్ సంస్థలు తీసుకున్నాయి. 1982లో మార్కెట్టులోకి వచ్చిన పోర్షె 944 కారులో 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను నునుపుగా నడవడానికి ఈ షాఫ్టులే కారణం.

అదురు ఎందుకు పుడుతుంది?

పిస్టను సిలిండరులో పైకీ కిందికీ కదులుతుంది. ప్రతి చుట్టులోను అది రెండుసార్లు పూర్తిగా ఆగి, దిశ మార్చుకొని, మరల వేగం పుంజుకోవాలి. ఒక బరువు వేగాన్ని మార్చడానికి బలం కావాలి. ఆ బలానికి ప్రతిచర్య ఇంజను దిమ్మపై పడుతుంది. దీనిని జడత్వ బలం అంటారు. ఇందులో ముఖ్యమైన భాగాలు రెండు.

ప్రథమ బలం: ఇది క్రాంకు షాఫ్టు ఒక చుట్టు తిరిగేసరికి ఒకసారి వచ్చే బలం. నాలుగు సిలిండర్ల వరుస ఇంజనులో రెండు పిస్టన్లు పైకి వెళ్ళేటప్పుడు మిగిలిన రెండూ కిందికి వస్తాయి. కావడిలో రెండు వైపులా సమానంగా బరువు ఉంటే భుజంపై కావడి నిలకడగా ఉన్నట్లే, ఇక్కడ ప్రథమ బలాలు ఒకదానినొకటి పూర్తిగా రద్దు చేసుకుంటాయి.

ద్వితీయ బలం: ఇది ఒక చుట్టుకు రెండుసార్లు వచ్చే బలం. కనెక్టింగ్ రాడ్డు నిటారుగా ఉండక, వాలుతూ లేస్తూ ఉండటమే దీనికి మూలం. క్రాంకు పైనుండి పావు చుట్టు తిరిగేసరికి పిస్టను సరిగ్గా సగం దూరం దిగి ఉండాలని మనకు తోస్తుంది. కాని రాడ్డు వాలినందువలన అది సగం కంటె ఎక్కువే దిగుతుంది. ఉదాహరణకు 88 మి.మీ. స్ట్రోకు, 150 మి.మీ. రాడ్డు ఉన్న ఇంజనులో మొదటి పావు చుట్టులో పిస్టను 50.6 మి.మీ. దిగుతుంది. తరువాతి పావు చుట్టులో దిగేది 37.4 మి.మీ. మాత్రమే. అంటే పై సగంలో పిస్టను వేగంగాను, కింది సగంలో నెమ్మదిగాను కదులుతుంది. అందువలన పైకి వెళ్ళే రెండు పిస్టన్ల ప్రభావాన్ని కిందికి వచ్చే రెండు పిస్టన్లు పూర్తిగా చెరపలేవు. ఈ మిగులు నాలుగు సిలిండర్లలోను ఒకే సమయంలో ఒకే దిశలో ఉంటుంది గనుక అన్నీ కలిసి కూడుకుంటాయి. కావడి పోలిక ఇక్కడ పనికిరాదు. నాలుగు కుండలూ ఒకే పక్కకు చేరినట్లు అవుతుంది.

ద్వితీయ బలపు గరిష్ఠ విలువను ఈ విధంగా లెక్కిస్తారు:

ఒక సిలిండరు ద్వితీయ బలం = కదిలే ద్రవ్యరాశి × క్రాంకు వ్యాసార్థం వర్గం × కోణీయ వేగం వర్గం ÷ రాడ్డు పొడవు

ఇక్కడ క్రాంకు వ్యాసార్థం అంటే స్ట్రోకులో సగం. కదిలే ద్రవ్యరాశి అంటే పిస్టను, రింగులు, పిస్టను పిన్ను, రాడ్డు పై కొసలోని కొంత భాగం కలిపిన మొత్తం. వ్యాసార్థానికి వర్గం ఉన్నదని గమనించాలి. స్ట్రోకు కొద్దిగా పెరిగినా ద్వితీయ బలం ఎక్కువగా పెరగడానికి కారణం ఇదే.

బ్యాలెన్స్ షాఫ్టు పని చేసే విధానం

ఒక పక్కకు బరువు ఉన్న కడ్డీ తిరిగితే అపకేంద్ర బలం అన్ని దిశలకూ తిరుగుతూ ఉంటుంది. అటువంటి రెండు కడ్డీలను ఎదురెదురు దిశలలో తిప్పితే, అవి రెండూ పైకి గాని కిందికి గాని చూపుతున్నప్పుడు బలాలు కూడుకుంటాయి. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి చూపుతున్నప్పుడు బలాలు రద్దవుతాయి. ఫలితంగా నిలువు దిశలో మాత్రమే పనిచేసే బలం లభిస్తుంది. ద్వితీయ బలం చుట్టుకు రెండుసార్లు వస్తుంది గనుక షాఫ్టులు రెట్టింపు వేగంతో తిరగాలి. పిస్టన్ల బలం పైకి ఉన్న క్షణంలో షాఫ్టుల బలం కిందికి ఉండేటట్లు వాటిని కలుపుతారు.

రెండు షాఫ్టులలో ఒకదానిని మాత్రమే తీసివేయడం సరికాదు. అప్పుడు నిలువు బలం సగానికి తగ్గుతుంది గాని, అంతకు ముందు లేని పక్క బలం మరో సగం కొత్తగా పుట్టుకొస్తుంది.

షాఫ్టులు సరియైన కోణంలో ఉండటం చాలా ముఖ్యం. రెండు షాఫ్టులూ తమ స్థానం నుండి 60 డిగ్రీలు తప్పితే, మిగిలే అదురు షాఫ్టులు లేనప్పటి అదురుతో సమానం అవుతుంది. 180 డిగ్రీలు తప్పితే అదురు రెండింతలు అవుతుంది. మిత్సుబిషి 4జి63 ఇంజనులో ఆయిల్ పంపు పక్కనున్న షాఫ్టుకు బయటి గుర్తులు సరిపోయినా లోపల బరువు తలకిందులుగా ఉండే అవకాశం ఉన్నది. అందుచేత దిమ్మ పక్కనున్న రంధ్రం గుండా స్క్రూ డ్రైవరు దూర్చి, అది లోపలికి పూర్తిగా దిగుతున్నదో లేదో చూసిన తరువాతే బెల్టు బిగించాలి. బెల్టు మార్చిన తరువాత ఇంజను మునుపటి కంటె ఎక్కువగా అదురుతుంటే మొదట చూడవలసినది ఇదే.

స్ట్రోకు పెంచినప్పుడు ఏమవుతుంది?

లెక్క స్పష్టంగా ఉండుటకు ప్రపంచంలో ఎక్కువగా స్ట్రోకరుగా మార్చబడిన ఇంజన్లలో ఒకటైన మిత్సుబిషి 4జి63 ను తీసుకొనవచ్చును. దాని సిలిండరు వ్యాసం 85 మి.మీ., స్ట్రోకు 88 మి.మీ., రాడ్డు పొడవు 150 మి.మీ., ఘనపరిమాణం 1997 సి.సి. అదే కుటుంబానికి చెందిన 4జి64 ఇంజనులో వ్యాసం 86.5 మి.మీ., స్ట్రోకు 100 మి.మీ., ఘనపరిమాణం 2351 సి.సి. ఈ రెండవ ఇంజను క్రాంకు షాఫ్టును మొదటి ఇంజను దిమ్మలో వేస్తే 85 × 100 మి.మీ. కొలతలతో సుమారు 2270 సి.సి. ఇంజను తయారవుతుంది. ఘనపరిమాణం 13.6 శాతం పెరుగుతుంది. తక్కువ వేగంలోనే ఎక్కువ టార్కు లభిస్తుంది.

అదురు సంగతి వేరు. రాడ్డు 150 మి.మీ. గానే ఉంచితే, వ్యాసార్థం 44 నుండి 50 మి.మీ. కు పెరిగినందువలన అదే వేగంలో ద్వితీయ బలం 29 శాతం పెరుగుతుంది. రాడ్డును 156 మి.మీ. కు పెంచితే పెరుగుదల 24 శాతానికి తగ్గుతుంది.

ఈ బలం ఎంత పెద్దదో అంకెలలో చూస్తే తెలుస్తుంది. ఒక్కొక్క సిలిండరులో కదిలే ద్రవ్యరాశి 0.6 కిలోగ్రాములు అనుకుందాం. నిమిషానికి 3000 చుట్ల వద్ద అసలు ఇంజనులో నాలుగు సిలిండర్ల మొత్తం ద్వితీయ బలం సుమారు 3,060 న్యూటన్లు. అంటే దాదాపు 312 కిలోల బరువుతో సమానం. 6000 చుట్ల వద్ద అది నాలుగింతలై 12,200 న్యూటన్లు (సుమారు 1,250 కిలోల బరువు) అవుతుంది. 100 మి.మీ. స్ట్రోకుతో, 150 మి.మీ. రాడ్డుతో అదే 6000 చుట్ల వద్ద 15,800 న్యూటన్లు (సుమారు 1,610 కిలోల బరువు). ఈ బలం సెకనుకు 200 సార్లు పైకీ కిందికీ మారుతూ ఉంటుంది. షాఫ్టులు లేకపోతే ఇదంతా ఇంజను దిమ్మను, దానిని పట్టుకున్న రబ్బరు మౌంటింగులను, వాటి ద్వారా కారు చట్రాన్ని చేరుతుంది.

పాత షాఫ్టులు కొత్త స్ట్రోకుకు పనికివస్తాయా?

షాఫ్టులు పాత స్ట్రోకుకు తూచినవి కనుక కొత్త ఇంజనులో అవి నిరుపయోగమని, ఇంకా హాని చేస్తాయని ఒక వాదన కలదు. ఇది సరైనది కాదు. పిస్టన్ల ద్వితీయ బలం, షాఫ్టుల అపకేంద్ర బలం రెండూ వేగం వర్గంతోనే పెరుగుతాయి. కాబట్టి ఏ వేగం వద్దనైనా వాటి నిష్పత్తి మారదు. షాఫ్టు సరిపోతుందా లేదా అన్నది ఒకే ఒక రాశిపై ఆధారపడుతుంది. అది కదిలే ద్రవ్యరాశిని వ్యాసార్థ వర్గంతో గుణించి రాడ్డు పొడవుతో భాగిస్తే వచ్చే విలువ.

అసలు ఇంజనులో షాఫ్టులు ద్వితీయ బలాన్ని పూర్తిగా రద్దు చేస్తాయని అనుకొని, షాఫ్టులు తీసివేసిన అసలు ఇంజను అదురును 100 గా తీసుకుంటే, ఒకే వేగం వద్ద ఫలితాలు ఈ విధంగా ఉంటాయి:

* 88 మి.మీ. స్ట్రోకు, షాఫ్టులు ఉన్నప్పుడు: 0
* 88 మి.మీ. స్ట్రోకు, షాఫ్టులు తీసివేసినప్పుడు: 100
* 100 మి.మీ. స్ట్రోకు, 150 మి.మీ. రాడ్డు, షాఫ్టులు ఉన్నప్పుడు: 29
* అదే ఇంజను, షాఫ్టులు తీసివేసినప్పుడు: 129
* 100 మి.మీ. స్ట్రోకు, 156 మి.మీ. రాడ్డు, షాఫ్టులు ఉన్నప్పుడు: 24
* అదే ఇంజను, షాఫ్టులు తీసివేసినప్పుడు: 124

అంటే పాత షాఫ్టులు కొత్త ఇంజను అదురులో మూడు వంతులకు పైగా అణచివేస్తాయి. ఇంకొక మేలు కూడా ఉన్నది. స్ట్రోకరు ఇంజనులో పిస్టన్లను ఎలాగూ కొత్తవి వేస్తారు. పొడవు స్ట్రోకు, పొడవు రాడ్డు అదే దిమ్మలో ఇమడాలంటే పిస్టను ఎత్తు తగ్గాలి. ఎత్తు తగ్గిన పిస్టను సాధారణంగా తేలికగా ఉంటుంది. 156 మి.మీ. రాడ్డుతో కదిలే ద్రవ్యరాశి 20 శాతం తగ్గితే, ద్వితీయ బలం దాదాపు అసలు విలువకే చేరుతుంది. అప్పుడు పాత షాఫ్టులు కొత్త ఇంజనుకు చక్కగా సరిపోతాయి. కనుక నిర్ణయానికి ముందు పాత, కొత్త పిస్టన్లను పిన్నుతో సహా త్రాసులో తూచడం మంచి పద్ధతి.

కర్మాగారాలే స్ట్రోకు పెంచిన ఉదాహరణలు

స్ట్రోకు పెంచినప్పుడు తయారీదారులు ఏమి చేశారో చూడటం ఉపయోగకరం.

* పోర్షె 944 లో మొదటి 2.5 లీటర్ల ఇంజను స్ట్రోకు 78.9 మి.మీ. తరువాత వచ్చిన 3.0 లీటర్ల 944 ఎస్2 లో స్ట్రోకు 88 మి.మీ. బ్యాలెన్స్ షాఫ్టులను ఆ సంస్థ తొలగించలేదు.
* ఫోక్స్‌వాగన్ వర్గపు ఇ.ఎ.888 ఇంజనులో 1.8 లీటర్ల రకానికి, 2.0 లీటర్ల రకానికి సిలిండరు వ్యాసం ఒకటే (82.5 మి.మీ.). స్ట్రోకు మాత్రం 84.2 నుండి 92.8 మి.మీ. కు పెరుగుతుంది. రెండింటిలోను గొలుసుతో తిరిగే రెండు షాఫ్టులు ఉన్నాయి. ఇందులో 1.8 లీటర్ల రకం భారతదేశంలో స్కోడా లారా, సూపర్బ్, ఆక్టావియా కార్లలో అమ్ముడయింది.
* హోండా కె20 ఇంజను స్ట్రోకు 86 మి.మీ., కె24 స్ట్రోకు 99 మి.మీ. అధిక వేగానికి రూపొందించిన టైప్-ఆర్ కె20 లో బ్యాలెన్స్ షాఫ్టులు లేవు. కుటుంబాలు వాడే కార్లకు ఉద్దేశించిన కె24 లో ఆయిల్ పంపుతో కలిపి షాఫ్టులను అమర్చారు. భారతదేశంలో అకార్డ్, సి.ఆర్-వి కార్ల 2.4 లీటర్ల రకాలలో ఉన్నది ఈ కుటుంబపు ఇంజనే.
* కె.టి.ఎం. 390 డ్యూక్ మోటారు సైకిలు ఒక సిలిండరు ఇంజను వ్యాసం 89 మి.మీ. స్ట్రోకును 2023లో 60 నుండి 64 మి.మీ. కు పెంచగా, ఘనపరిమాణం 373 నుండి 399 సి.సి. అయింది. ఇక్కడ కూడా బ్యాలెన్స్ షాఫ్టు కొనసాగింది.

ఒక సిలిండరు ఇంజనులో ప్రథమ బలమే ప్రధానం గనుక అక్కడ షాఫ్టు క్రాంకు వేగంతోనే తిరుగుతుంది. 70 × 90 మి.మీ. కొలతలు గల పాత 346 సి.సి. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంజనులో ఇటువంటి షాఫ్టు లేదు. 2020లో మీటియర్ 350 తో వచ్చిన 72 × 85.8 మి.మీ. ఇంజనులో ఉన్నది. ఈ రెండు బండ్లను వరుసగా నడిపినవారికి బ్యాలెన్స్ షాఫ్టు విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 2009లో వచ్చిన టాటా నానో రెండు సిలిండర్ల 624 సి.సి. ఇంజనులో కూడా ఒక బ్యాలెన్స్ షాఫ్టు ఉండేది.

తీసివేయాలనే వారి వాదనలు

ఇవి కొట్టిపారవేయదగినవి కావు.

బెల్టు ప్రమాదం: 4జి63 వంటి ఇంజన్లలో బ్యాలెన్స్ షాఫ్టును తిప్పడానికి వేరే చిన్న బెల్టు ఉంటుంది. అది తెగి టైమింగు బెల్టులో చిక్కుకుంటే టైమింగు బెల్టు కూడా తప్పుతుంది. అప్పుడు కవాటాలు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. అదురు తగ్గించే భాగమే ఇంజను నాశనానికి కారణం కావడం తొలగింపు వాదానికి అన్నిటికంటె బలమైన ఆధారం. అయితే రెండు బెల్టులనూ గడువులోపు కలిపి మార్చితే ఈ ప్రమాదం చాలా వరకు తప్పుతుంది.

అధిక వేగం: ఇంజను నిమిషానికి 8000 చుట్లు తిరిగితే షాఫ్టు 16,000 చుట్లు తిరుగుతుంది. షాఫ్టు బుష్షులకు నూనె సరిగా అందకపోతే అవి అరిగి, పట్టేస్తాయి. కర్మాగారం నిర్ణయించిన గరిష్ఠ వేగాన్ని దాటించే పందెపు ఇంజన్లలో ఇది నిజమైన సమస్య.

శక్తి నష్టం: షాఫ్టులను తిప్పడానికి, వాటి బుష్షుల రాపిడికి, కొన్ని ఇంజన్లలో అవి నూనెను చిలకడానికి కొంత శక్తి ఖర్చవుతుంది. ఇంజను వేగం అందుకోవడం కూడా కొద్దిగా మందగిస్తుంది. కాని స్ట్రోకు పెంచడం వలన వచ్చే లాభంతో పోలిస్తే ఈ నష్టం స్వల్పం.

చోటు చాలకపోవడం: స్ట్రోకు పెరిగితే రాడ్డు కింది కొస, క్రాంకు ఎదురు బరువులు మునుపటి కంటె పెద్ద వృత్తంలో తిరుగుతాయి. కొన్ని ఇంజన్లలో అవి షాఫ్టుకు గాని దాని గూటికి గాని తగులుతాయి. అటువంటప్పుడు తీసివేయడం తప్ప వేరే మార్గం ఉండదు. అయితే స్ట్రోకు పెంచిన ప్రతి ఇంజనులోను ఇలా జరుగుతుందనుకోరాదు. 100 మి.మీ. స్ట్రోకు గల 4జి64 ఇంజనులో కర్మాగారం నుండే షాఫ్టులు ఉన్నాయి.

సాధారణ అపోహలు

"బ్యాలెన్స్ షాఫ్టు తీస్తే క్రాంకు షాఫ్టు విరుగుతుంది." క్రాంకు షాఫ్టు తన ఎదురు బరువులతో తానే తూచబడి ఉంటుంది. ప్రతి పిస్టను బలం రాడ్డు ద్వారా క్రాంకుకు, అక్కడినుండి మెయిన్ బేరింగులకు చేరడం షాఫ్టులు ఉన్నా లేకపోయినా ఒకే విధంగా జరుగుతుంది. షాఫ్టులు రద్దు చేసేది ఇంజను దిమ్మ మొత్తంపై పడే బలాన్ని మాత్రమే.

"అయితే తీసివేసినా నష్టమేమీ లేదు." ఇది రెండవ అపోహ. దిమ్మ అదిరితే దానికి బిగించిన ప్రతి వస్తువూ అదురుతుంది. ఆల్టర్నేటరు, ఏసీ కంప్రెసరు బ్రాకెట్లు పగులుతాయి. నట్లు వదులవుతాయి. ఎగ్జాస్టు గొట్టాలు బీటలు వారుతాయి. ఇంధనపు గొట్టం రాపిడికి చిల్లు పడితే నిప్పు ప్రమాదమే సంభవించవచ్చును.

"క్రాంకు ముందున్న పుల్లీ డాంపరు, బ్యాలెన్స్ షాఫ్టు ఒకటే." కాదు. పుల్లీలోని రబ్బరు డాంపరు క్రాంకు షాఫ్టు మెలిపడే అదురును తగ్గిస్తుంది. బ్యాలెన్స్ షాఫ్టు తీసినా దీనిని తీయరాదు. స్ట్రోకు పెరిగిన ఇంజనుకు ఇది మరింత అవసరం.

"గట్టి మౌంటింగులు వేస్తే అదురు పోతుంది." గట్టి మౌంటింగు ఇంజను కదలికను తగ్గిస్తుంది గాని, అదురును చట్రానికి మరింత చేరవేస్తుంది.

తొలగించేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు

షాఫ్టులు తీసివేయాలని నిర్ణయించిన పక్షంలో పని సగంలో ఆపరాదు. 4జి63 వంటి ఇంజన్లలో ఒక షాఫ్టు ఆయిల్ పంపు గేరుకు ఇరుసుగా కూడా పనిచేస్తుంది. దాని స్థానంలో పొట్టి ఇరుసును వేయకపోతే పంపు పనిచేయదు. షాఫ్టు బుష్షులకు నూనె వెళ్ళే రంధ్రాలను మూయాలి. ఇందుకు రంధ్రం లేని బుష్షులు వేస్తారు, లేదా పాత బుష్షును తిప్పి రంధ్రం మూసుకునేటట్లు దిగవేస్తారు. ఈ పని మరచితే నూనె ఆ రంధ్రాల గుండా కారిపోయి పీడనం పడిపోతుంది. అప్పుడు పాడయ్యేది క్రాంకు బేరింగులే. షాఫ్టులు తీసినందువలన ఇంజను పోయిందని చెప్పుకునే సందర్భాలలో ఈ కారణాన్ని కూడా పరిశీలించాలి.

తరువాత కొత్త రబ్బరు మౌంటింగులు వేయాలి. పిస్టన్లు, రాడ్లు ఒకే బరువుకు వచ్చేటట్లు తూచాలి. క్రాంకు, ఫ్లైవీలు, క్లచ్చు కలిపి బ్యాలెన్సింగు యంత్రంపై సరిచూడాలి. ఈ సరిచూడటం ద్వితీయ బలాన్ని తగ్గించదని, తిరిగే భాగాల లోపాన్ని మాత్రమే దిద్దుతుందని గుర్తుంచుకోవాలి.

ఉత్తరాంధ్ర పరిస్థితులలో

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో కారు వాడకం ప్రధానంగా రెండు రకాల దారులలో జరుగుతుంది. ఒకటి ఇచ్ఛాపురం నుండి విశాఖపట్నం వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారి (పూర్వపు 5వ నంబరు). ఇక్కడ ఇంజను గంటల తరబడి ఒకే మధ్యస్థ వేగంలో నడుస్తుంది. ఇటువంటి ప్రయాణంలో ఒకే పౌనఃపున్యం గల అదురు, హోరు డ్రైవరును అలసటకు గురిచేస్తాయి. ఊయలను సరైన సమయంలో మెల్లగా తోసినా అది పెద్దగా ఊగినట్లు, ఇంజను అదురు చట్రపు సహజ పౌనఃపున్యంతో కలిస్తే అనునాదం ఏర్పడి కారంతా మోగుతుంది.

రెండవది విజయనగరం నుండి సాలూరు మీదుగా ఒడిషాలోని కొరాపుట్ వైపు వెళ్ళే 26వ నంబరు జాతీయ రహదారి (పూర్వపు 43వ నంబరు). ఈ ఘాటు రోడ్డుపై తక్కువ వేగంలో ఎక్కువ టార్కు కావాలి. స్ట్రోకరు ఇంజను ప్రయోజనం తెలిసేది ఇక్కడే. అక్కడ ఇంజను వేగం మితంగానే ఉంటుంది గనుక షాఫ్టులు అధిక వేగానికి పాడవుతాయన్న భయం వర్తించదు. రెండు దారులనూ కలిపి చూస్తే, రోడ్డుపై నడిచే కారుకు షాఫ్టులు ఉంచడమే మేలని తేలుతుంది.

ఈ ప్రాంతపు పొలాలలో నీరు తోడటానికి వాడిన ఒక సిలిండరు ఆయిల్ ఇంజన్లను చూసినవారికి తూచబడని ఇంజను స్వభావం తెలిసినదే. దానిని సిమెంటు దిమ్మకు బోల్టులతో బిగించకపోతే అది చోటు విడిచి కదిలిపోతుంది. కారు ఇంజనుకు సిమెంటు దిమ్మ ఉండదు. అందులో కూర్చున్న మనుషులే ఆ అదురును భరించాలి.

చట్టపరమైన విషయాలు

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన అసలు వివరాలకు భిన్నంగా ఉండేటట్లు వాహనాన్ని మార్చడం నిషిద్ధం. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఒక తీర్పులో ఈ నియమాన్ని స్పష్టం చేసింది. రిజిస్ట్రేషను పత్రంలో (ఆర్.సి.) ఇంజను ఘనపరిమాణం నమోదై ఉంటుంది. ప్రైవేటు కార్ల థర్డ్ పార్టీ బీమా ప్రీమియం కూడా 1000 సి.సి., 1500 సి.సి. హద్దుల ప్రకారం మారుతుంది. స్ట్రోకు పెంచితే ఈ వివరాలు తప్పవుతాయి. ప్రమాదం జరిగినప్పుడు పరిహారం విషయంలో చిక్కులు రావచ్చును. కాబట్టి స్ట్రోకరు ఇంజను కట్టేవారు దానిని రోడ్డుపై కాక, చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే వంటి పందెపు మైదానాలకు పరిమితం చేయడం క్షేమం.

నిర్ణయం తీసుకునే విధానం

షాఫ్టులు ఉంచదగిన సందర్భాలు:
* రోజువారీ వాడకానికి లేదా దూర ప్రయాణాలకు ఉద్దేశించిన కారు
* రెండు లీటర్లు దాటిన నాలుగు సిలిండర్ల ఇంజను
* కర్మాగారం నిర్ణయించిన గరిష్ఠ వేగాన్ని దాటించని ఇంజను
* బెల్టు, బుష్షులు, బిగువు పుల్లీలు కొత్తవి దొరికే ఇంజను

తీసివేయదగిన సందర్భాలు:
* పందెం మైదానానికే పరిమితమై, ఎక్కువ సమయం అధిక వేగంలో నడిచే ఇంజను
* కొత్త క్రాంకు లేదా రాడ్డు షాఫ్టుకు తగులుతున్న ఇంజను
* షాఫ్టు గాని, దాని గూడు గాని పాడై, విడిభాగాలు దొరకని ఇంజను

షాఫ్టులు తీసివేసిన స్ట్రోకరు ఇంజనులో అదురు అసలు ఇంజను స్థాయిని (పై లెక్కలో 100) మించకూడదనుకుంటే గరిష్ఠ వేగాన్ని తగ్గించుకొనవచ్చును. పై ఉదాహరణలో 29 శాతం పెరిగిన బలాన్ని సరిచేయడానికి వేగాన్ని 12 శాతం తగ్గిస్తే చాలును. అంటే 7000 చుట్లకు బదులు సుమారు 6160 చుట్లు. స్ట్రోకు పెంచినప్పుడు గరిష్ఠ వేగం తగ్గించడం ఇతర కారణాల వలన కూడా అవసరమే. 7000 చుట్ల వద్ద పిస్టను సగటు వేగం 88 మి.మీ. స్ట్రోకుతో సెకనుకు 20.5 మీటర్లు ఉండగా, 100 మి.మీ. స్ట్రోకుతో 23.3 మీటర్లు అవుతుంది. పై కొస వద్ద పిస్టను త్వరణం 17 శాతం పెరుగుతుంది.

సంగ్రహంగా, స్ట్రోకు పెంచడం అనేది బ్యాలెన్స్ షాఫ్టు అవసరాన్ని పెంచే మార్పే గాని తగ్గించేది కాదు. బెల్టు తెగుతుందన్న భయంతో షాఫ్టులను తీసివేయడం కంటె, బెల్టును సకాలంలో మార్చడం రోడ్డు కారుకు తగిన మార్గం. పందెపు ఇంజనుకు లెక్క వేరు. అక్కడ అదురును భరించే సమయం కొద్ది నిమిషాలే, ఇంజనును విప్పి చూసే అవకాశం ప్రతి పందెం తరువాత ఉంటుంది. ఏ నిర్ణయమైనా కదిలే ద్రవ్యరాశి, స్ట్రోకు, రాడ్డు పొడవు అనే మూడు కొలతలను తెలుసుకున్న తరువాత తీసుకోవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* అంతర్దహన యంత్రం
* క్రాంకు షాఫ్టు
* ఫ్లైవీలు
* అనునాదం
* జడత్వం